మూఢాల్లోనూ తెరిచిన దుకాణం

మొన్న శనివారం పొద్దున మా బ్యాండు మాస్టర్ పోయారు. ఆ కబురు తెచ్చింది మా బ్యాండులో ఢోలు కొట్టే యాదయ్య. అఫ్జల్‌గంజ్ నుంచి కార్వాన్‌లోని మా ఇంటిదాకా సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, దిగకుండానే అరుగుకు ఒక కాలు ఆనించి, "మాస్టర్ లేడు తమ్మీ. పొద్దుగాల చాయ్ తాగి గోడకొరిగిండు. గంతే" అన్నాడు. నేను పళ్ళు తోముకుంటున్నాను. నోటినిండా నురగతోనే అడిగాను, "మరి ఇయ్యాల దుకాణం ఎవరు తెరుస్తరు?" అని. యాదయ్య నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. చావు కబురు చెప్తే అడగాల్సిన మాటేనా అది! కానీ నా మనసులో మొదట మెదిలింది అదే. తొమ్మిదేళ్ళుగా పెళ్ళి పని లేని ప్రతి సాయంత్రమూ నేను పోయి కూర్చున్న చోటు ఆ బ్యాండు దుకాణం.

పాతబస్తీలో మీ ఇంట్లో ఎవరి పెళ్ళైనా ఈ ఇరవై ఏళ్ళలో జరిగి ఉంటే, ఎర్రకోటు వేసుకొని గుర్రం ముందు క్లారినెట్ వాయిస్తూ నడిచిన పొట్టి మనిషిని మీరు చూసే ఉంటారు. ఆయనే మాస్టర్. కోటుకు బంగారు రంగు కుచ్చులుండేవి. ఎడమ జేబులో ఒక అగ్గిపెట్టె ఉండేది. అందులో పుల్లలుండేవి కావు, క్లారినెట్ మూతికి కట్టే రీడు ఉండేది. కుడిజేబులో పుట్నాలు, బెల్లం ముక్కలు. అంత పెద్దమనిషి చిన్నపిల్లాడిలా జేబులో బెల్లం వేసుకొని తిరగడం చూసి మొదట్లో నేను నవ్వుకున్నాను. తాగుడు మానినవాడికి పొద్దువాలే వేళకు ఒళ్ళు ఎలా పీకుతుందో, అప్పుడు నాలుక మీద ఇంత బెల్లం ముక్క ఎంత పని చేస్తుందో తెలిశాక ఆ నవ్వు పోయింది.

బ్యాండువాడికి తాగుడు ఎవరూ నేర్పనక్కర్లేదు. పెళ్ళివాళ్ళే నేర్పుతారు. బరాత్ కదిలే ముందు ఒకడు గ్లాసు తెస్తాడు, "ఇది పడితేనే పాట మస్తుగ వస్తది" అంటాడు. చౌరస్తా దగ్గర ఇంకొకడు. వద్దంటే పెళ్ళివారికి అవమానం. నేను పంతొమ్మిదేళ్ళకు ట్రంపెట్ పట్టుకున్నాను, ఇరవై రెండేళ్ళకల్లా అది లేకుండా ట్రంపెట్ పట్టుకోలేని స్థితికి వచ్చాను. ముప్పై దాటేసరికి వాయించే పని ఉన్నా లేకున్నా పొద్దున్నే మందు కావలసి వచ్చేది. నా భార్య పిల్లను చంకనేసుకొని పుట్టింటికి పోయింది. పోనీలే, లొల్లి తప్పింది అనుకున్నాను. అంత సిగ్గుమాలినవాణ్ణి.

గౌలిగూడలో ఒక బరాత్‌లో నడుస్తూ నడుస్తూ ముందుకు బోర్లా పడ్డాను. ట్రంపెట్ నోటికి గుచ్చుకొని పైపెదవి చీలింది. ట్రంపెట్ వాయించేవాడికి పెదవి పోతే చేతులు పోయినట్టే. కుట్లేసిన డాక్టరు ఆరునెలలు ఊదవద్దన్నాడు. అప్పటికి నేను వేరే బ్యాండులో ఉండేవాణ్ణి. వాళ్ళు రెండో రోజే నా కోటు ఇంకొకడికి తొడిగారు.

నాలుగో రోజు మాస్టర్ మా ఇంటికి వచ్చారు. పరిచయం కూడా అంతంతే. నా పెదవి చూశారు, పక్కనున్న సీసా చూశారు, రెంటి గురించీ ఏమీ అడగలేదు. చాపమీద కూర్చొని తన కథ చెప్పుకున్నారు.

ఆయన చెల్లెలి పెళ్ళట. అన్నే బ్యాండు మాస్టర్ అని ఆ పిల్లకు పొంగు. మగపెళ్ళివారు దిగారు, ఎదుర్కోళ్ళకు బ్యాండు కదలాలి. మాస్టర్ పొద్దుటి నుంచీ తాగుతూనే ఉన్నారు. క్లారినెట్ ఎత్తి, కళ్ళు మూసుకొని, ప్రాణం పెట్టి వాయించారు. వాయించింది శవయాత్రలో వాయించే పాట. వెనకున్న పదిమందీ ఆయనతో పాటు తాగినవాళ్ళే, మాస్టర్ ఎత్తుకున్నదే అందుకున్నారు. పెళ్ళికొడుకు తండ్రి గుర్రాన్ని ఆపించి, పూలదండ తీసి నేలకేసి కొట్టాడట. పెద్దలు కాళ్ళావేళ్ళా పడితే పెళ్ళయితే అయింది కానీ, ఆ చెల్లెలు అయిదేళ్ళపాటు అన్న గడప తొక్కలేదు.

"అందరు తప్పు వాయించిన అంటరు. తప్పు గాదు తమ్మీ, ఒక్క స్వరం గూడ తప్పలే" అన్నారు మాస్టర్. "గంత మంచిగ ఎన్నడు వాయించలే. గదే నాకు భయమైంది." లేచిపోతూ, "దుకాణం తెరిచే ఉంటది. పెదవి పనిచెయ్యకుంటె చేతులున్నయి గదా" అన్నారు.

ఇది విని నేను మారిపోయానని మీరు అనుకుంటే పొరపాటు. ఆయన అటు పోగానే సీసా ఖాళీ చేశాను. కానీ ఆ కథ కడుపులో పడింది, ఇక తాగింది తాగినట్టు ఉండలేదు. వారం తర్వాత పోయాను.

అది ఆషాఢం. మా పనిలో పెళ్ళిళ్ళ కాలం కంటే ప్రమాదమైనది పెళ్ళిళ్ళు లేని కాలం. మూఢం వచ్చిందంటే, ఆషాఢం పడిందంటే, బ్యాండు దుకాణాలన్నీ తాళాలేసుకుంటాయి. వాయించేవాళ్ళు కల్లు కాంపౌండ్లలో తేలతారు. మాస్టర్ దుకాణం ఒక్కటే తెరిచి ఉండేది. ఎందుకు తెరిచాడో ఈ మనిషి, ముహూర్తాలున్నాయా ఏమన్నా అని పక్క దుకాణాలవాళ్ళు ఎగతాళి చేసేవారు. లోపల చాప పరిచి, గోడకు తగిలించిన ఇత్తడి వాయిద్యాలన్నీ దింపి, చింతపండు గుజ్జు, ఇటుక పొడి, గుడ్డపీలికలు మధ్యలో పెట్టేవారు. వచ్చినవాడు ఒక వాయిద్యం ఒళ్ళో పెట్టుకొని తోమాలి. తోముతూ మాట్లాడాలి. తాగడం మానాలనుకునేవాడు ఎవడైనా రావచ్చు, బ్యాండువాడే కానక్కర్లేదు. నాతో పాటు ఒక బస్సు కండక్టర్ వచ్చేవాడు, చెప్పులు కుట్టే ఒక పెద్దాయన వచ్చేవాడు. వాళ్ళు జన్మలో బాజా ముట్టినవాళ్ళు కారు, కానీ మెరుగు పెట్టడంలో మమ్మల్ని మించిపోయారు.

అక్కడ ఒకటే కట్టుబాటు. నిన్న ఎలా గడిచిందో చెప్పాలి, రేపటి గురించి మాట్లాడకూడదు. ఒకసారి కండక్టర్ ఊపులో, "ఇగ జన్మల ముట్ట" అన్నాడు. మాస్టర్ తలెత్తకుండానే, "జన్మ ముచ్చట దేవునికి చెప్పుకో. నిన్న పొద్దూకినంక ఏం జేసినవో మాకు చెప్పు" అన్నారు. ఎవరైనా పక్కవాడికి సలహా చెప్పబోతే, చేతిలోని గుడ్డ అందుకొని బయటి మెట్టు చూపించేవారు. సలహాలిచ్చేవాడికి అక్కడే కుర్చీ! నేనూ రెండుసార్లు ఆ మెట్టుమీద కూర్చున్నాను. మొదటిసారి కోపం వచ్చింది, రెండోసారి నవ్వొచ్చింది.

తోమేటప్పుడు ఎదుటివాడి మొహం చూడనక్కర్లేదు. చేతులకు పని ఉంటుంది, కళ్ళకు ఇత్తడి ఉంటుంది. అందుకే కాబోలు, కట్టుకున్నదానికి చెప్పలేని మాటలు ఆ చాపమీద చెప్పాం. నా కూతురి కాలి పట్టీ తీసుకుపోయి ఏం చేశానో నేను మొదటిసారి పైకి చెప్పింది అక్కడే. ఎవరూ ఛీ అనలేదు. పెద్దాయన తన చేతిలోని పీలికను నావైపు జరిపి, "ఇది మెత్తగున్నది, దీంతోని తోము" అన్నాడు. ఆ రోజు ఇంటికి పోతూ దారిపొడుగునా ఏడ్చాను.

ఏడాదికి మళ్ళీ తాగుడులో పడిపోయాను. మరుసటి ఆషాఢంలో, బోనాల రోజు. అమ్మవారికి సాక పోసి, మిగిలిన కల్లు ప్రసాదం అంటూ ఎవరో చేతిలో పోశారు. ప్రసాదం కాదంటే అమ్మవారికి కోపం రాదూ అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ ప్రసాదం మూడురోజులు సాగింది. నాలుగోరోజు తల దించుకొని దుకాణం ముందు నిలబడ్డాను. తిడతారనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. మాస్టర్ కొంచెం జరిగి చాపమీద చోటిచ్చారు. ఒక ట్రంపెట్ ఒళ్ళో పెట్టారు. "నిన్నటి ముచ్చట చెప్పు" అన్నారు. చెప్పాను. అంతా విని, "నేను పద్దెనిమిది నెలలకు పడ్డ. నువ్వు జర తొందరపడ్డవు" అన్నారు. కండక్టర్ పక్కుమన్నాడు. నేనూ నవ్వాను. పడ్డవాడు నవ్వగలడని నాకు అప్పటిదాకా తెలియదు.

పెదవి మానాక నన్ను తన బ్యాండులోకే తీసుకున్నారు. బరాత్‌లో నన్ను తన కుడిపక్కన నడిపించుకునేవారు. పెళ్ళివాళ్ళు గ్లాసుతో నావైపు రావడం ఆయన కంటపడితే చాలు, పాటను ముగించేవారు కాదు. పల్లవి మళ్ళీ ఎత్తుకునేవారు, మళ్ళీ మళ్ళీ. మాస్టర్ వాయిస్తుంటే నేను ట్రంపెట్ దించడానికి లేదు. గ్లాసు పట్టుకున్నవాడు కాసేపు నిలబడి, ఆ ఊపుకు వాడే తాగి, ఎగరడం మొదలుపెట్టేవాడు. అప్పుడు పాట ఆగేది. ఊపిరాడక నేను రొప్పుతుంటే ఆయన కుడిజేబులోంచి బెల్లం తీసి, నా వైపు చూడకుండానే అందించేవారు. ఆ చెయ్యి ఒక్కసారి మళ్ళీ చూడాలని ఉంది.

ఆ తర్వాత ఇంకో ఏడాదికి నా భార్య వచ్చింది. వచ్చిన మర్నాడే దుకాణానికి పోయి మాస్టర్‌ను అడిగిందట, ఈయన్ను నమ్మవచ్చా అని. ఆ సంగతి వింటుంటే నాకు కోటి ఆశలు, ఆయన మంచి మాట చెప్పి ఉంటారని. ఆయన అన్నది ఇది: "నమ్మకు అమ్మా. చూస్తుండు." ఆమె ఇంటికి వచ్చి నాకు అదే మాట చెప్పి, పొయ్యి వెలిగించింది. ఇప్పటికీ చూస్తూనే ఉంది.

ఆయన్ను గొప్పవాణ్ణి చేస్తే ఒప్పుకునేవారు కాదు. ఎవరో పెద్దమనిషి సభలో శాలువా కప్పుతానంటే, "నేను తాగుడు మానలే సాబ్, ఇయ్యాల తాగలే. రేపు తాగితె మీ శాలువా ఎవరికియ్యాలె?" అని తప్పించుకున్నారు. ముక్కోపి కూడా. రీడు తడిపేటప్పుడు పలకరిస్తే కసురుకునేవారు. ఆఖరి ఏళ్ళలో ఊపిరి చాలక పాట మధ్యలో ఆగేవారు, మేం గమనించనట్టు నటిస్తే ఇంకా కోపం వచ్చేది.

ఒక్క విషయంలో నేను ఆయనతో పోట్లాడాను. యాదయ్య విషయంలో. ఆయనకూ యాదయ్యకూ పాతికేళ్ళ స్నేహం. యాదయ్య మాత్రం తాగుతూనే ఉన్నాడు. సాయంత్రం మేం తోముతుంటే దుకాణం ముందునుంచి సైకిల్ బెల్లు కొట్టుకుంటూ, "ఏంది, గుడ్డపీలికల సంఘం నడుస్తున్నదా" అని అరుచుకుంటూ కాంపౌండ్‌కు పోయేవాడు. సరైన పరిచయం కూడా లేని నన్ను ఇంటికొచ్చి పిలిచినవారు, యాదయ్యను ఎందుకు పిలవరని అడిగాను. "పిలిచిన. పదేండ్ల కింద పిలిచిన. ఆనికి దుకాణం తొవ్వ ఎరుకే" అన్నారు మాస్టర్. మళ్ళీ గుడ్డ అందుకొని తోమసాగారు.

శనివారం మధ్యాహ్నం ఆయన్ను పురానాపూల్ దగ్గరి శ్మశానానికి తీసుకుపోయాం. ఎర్రకోట్లు వేసుకొనే నడిచాం. క్లారినెట్ లేకుండా బ్యాండు వాయించడం అదే మొదలు. నా పక్కన ఎవరూ లేరు. పాత గాయం దగ్గర పెదవి వణికి, స్వరం నిలవలేదు. 

దహనమయ్యాక స్నానాలు చేశాం. పాడె మోసినవాళ్ళు ఇళ్ళకు పోయే ముందు కల్లు తాగడం మాలో ఆనవాయితీ. కండక్టర్, పెద్దాయన వెనుదిరిగారు. నేను తిరగలేదు. ఎందుకంటే చెప్పలేను. అందరితో కలిసి నడిచాను, కాంపౌండ్‌లో బల్లమీద కూర్చున్నాను. నా ముందు సీసా పెట్టారు. ఎనిమిదేళ్ళ తర్వాత ఆ పుల్లని వాసన ముక్కుకు తగిలితే ప్రాణం లేచివచ్చినట్టయింది. అబద్ధం ఎందుకు, నా చెయ్యి దానిమీదికి పోయింది. సీసా చల్లగా ఉంది.

యాదయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. అప్పటికే రెండు సీసాలు తాగి ఉన్నాడు. ఢోలు కొట్టీ కొట్టీ కాయలు కాచిన చెయ్యి. లెమ్మన్నాడు. "ఈ ఒక్కరోజే అన్నా. మాస్టర్ పేరు మీద" అన్నాను.

"పెండ్లి పనికి తప్ప నేను ఆ దుకాణానికి ఒక్కనాడు రాలే" అన్నాడు యాదయ్య.  "రోజు దాని ముంగటినుంచే పోయిన. ఎన్నడన్న ఒకనాడు సైకిల్ ఆపాలె, లోపటికి పోవాలె అనుకుంట పోయిన. ఆయన ఉన్నడు గదా, ఫికర్ లేదనుకున్న. ఇప్పుడు నువ్వు గూడ ఈడ కూసుంటివి. నేను సైకిల్ ఆపిననాడు లోపల ఎవడుంటడు తమ్మీ?"

 రెక్క పట్టుకొని లేపి గేటుదాకా నడిపించుకొచ్చాడు. తనకే కాళ్ళు నిలవడం లేదు. గేటు బయటికి నన్ను నెట్టి, పో అన్నట్టు చెయ్యి ఊపాడు. ఎర్రకోటు చంకలో పెట్టుకొని నది పక్కనుంచి నడిచాను. గల్లీ మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. యాదయ్య ఇంకా గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఎవరో లోపలినుంచి తెచ్చి ఇచ్చినట్టున్నారు, చేతిలో సీసా ఉంది. నాకంటే పదేళ్ళు పెద్దవాడు. నేను చూడటం చూసి, దాన్ని గబుక్కున వీపు వెనక దాచుకున్నాడు.