మునిరత్నం వంతు

నేను దెయ్యాల్ని నమ్మను. చిన్నప్పుడు కూడా నమ్మలేదు. కార్వేటినగరం దారిలో తెల్లచీర ఆవిడ తిరుగుతుందని మా అవ్వ చెబితే, ఆ చీర ఎవరు ఉతుకుతారని అడిగి తిట్లు తిన్నదాన్ని. ఇప్పుడు ఇది రాస్తున్నది కూడా దెయ్యాలున్నాయని చెప్పడానికి కాదు. మా పాత బాసు ఈ సంగతిని దెయ్యం కథగా చెప్పి నలుగురినీ నవ్విస్తున్నాడని తెలిసి, కడుపు మండి రాస్తున్నాను.

అప్పట్లో తిరుపతిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేదాన్ని. పూతలపట్టు దాటాక ఉన్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి మేం ప్రోగ్రాం రాసిచ్చాం. తోతాపురి సీజన్లో అలాంటి ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు ఎంత బారున నిలబడతాయో చిత్తూరు వాళ్ళకి చెప్పనక్కర్లేదు. రైతుకి టోకెన్ నంబరు ఇస్తారు. లోపల బండిని లోడుతో సహా తూచే కాటాలు నాలుగున్నాయి. కాటా ఖాళీ అయినప్పుడల్లా తర్వాతి నంబరును మైకులో పిలవడం మా ప్రోగ్రాం పని.

నాలుగు కాటాలూ ఒకేసారి పనిచేస్తాయి. మా వాళ్ళు దీన్ని పారలల్ ప్రోగ్రామింగ్ అంటారు. ఇందులో చిక్కు ఏమిటంటే, రెండు కాటాలు ఒకే క్షణంలో ఒకే నంబరును అందుకోకూడదు. అందుకని నేను ఒక లాక్ పెట్టాను. బస్టాండులో కిటికీలోంచి సీటు మీద తువ్వాల వేస్తాం కదా, ఇదీ అంతే. ఒక కాటా నంబరు తీసుకుంటున్నంతసేపు మిగతా మూడూ కాస్త ఆగుతాయి.

ఆ కాస్త ఆగడమే మా బాసుకి నచ్చలేదు. బెంగళూరులో ఏదో సదస్సుకు వెళ్ళొచ్చి, లాకులన్నీ పాతకాలం డిజైన్ అన్నాడు. లాకులు లేకుండా రాసే పద్ధతులు నిజంగానే ఉన్నాయి. కానీ అవి జాగ్రత్తగా, మొదటి నుంచీ మళ్ళీ రాయాలి. ఆయనకు అంత ఓపిక ఎక్కడిది? "ఇప్పుడంతా పారలల్ అమ్మా. ఎవడి కోసమూ ఎవడూ ఆగకూడదు" అని, నేను వద్దంటున్నా నా లాక్‌ని తన చేత్తోనే పీకేశాడు. పిలుపులు వేగం పుంజుకున్నాయని ఫ్యాక్టరీ మేనేజరు తెగ సంబరపడ్డాడు.

సీజనంతా నన్ను ఫ్యాక్టరీలోనే ఉంచారు కాబట్టి తర్వాత జరిగింది నా కళ్ళతో చూశాను.

మునిరత్నం అని ఒక పెద్ద రైతు. వయసులో పెద్ద, పొలంలో కాదు. ఎండలో వరసలో ఉండి ఉండి, ట్రాక్టరు బానెట్ మీద తువ్వాల వేసి కుళాయి దగ్గరికి నీళ్ళకి వెళ్ళాడు. అక్కడి రైతుల్లో అది కట్టుబాటు. తువ్వాల ఉన్న బండిని ఎవరూ దాటరు. సరిగ్గా అప్పుడే రెండు కాటాలు కలిసి ఆయన నంబరునే అందుకున్నాయి. రెండో కాటాకి రావాల్సిన నంబరు వెనకున్న మండీ వ్యాపారిది. మైకు ఒకే నంబరును రెండుసార్లు పిలిచేసరికి, మొదటి కాటాకి మునిరత్నం వస్తాడులే అని రెండో దాని మీదికి ఆ వ్యాపారి బండినే ఎక్కించారు. కానీ ఆ లోడు మునిరత్నం నంబరు కింద పడింది.

ఆయన పరుగున వచ్చేసరికి, నీ కాయలు లోపలికి వెళ్ళిపోయాయని గేటు దగ్గర చెప్పారు.

"నా కాయలు ఈడనే ఉండాయి, నా తువ్వాల ఈడనే ఉండాది. నేను యాడికి పోయినానమ్మా?" అని నన్నే అడిగాడు.

నేను మేనేజరుకి అంతా విప్పి చూపించాను. కంప్యూటర్ తప్పు చెప్పదన్నాడు. బాసుకి ఫోన్ చేస్తే, తప్పు ఒప్పుకుంటే కాంట్రాక్టు పోతుంది, నోరు మూసుకోమన్నాడు. మునిరత్నం మాత్రం గేటు వదలలేదు. నా వంతు నాకు ఇయ్యండి అని అదొక్కటే మాట. కాయలు మెత్తబడి ట్రాలీలోంచి రసం కారింది. ఆఖరికి ఆ ఎండకి పడిపోయాడు. చిత్తూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పోయాడని కబురొచ్చింది. గేటు దగ్గర నిలబడ్డప్పుడు పక్క గోడ మీద వేసుకున్న ఆయన తువ్వాల అలాగే ఉండిపోయింది.

మరునాడు పొద్దున, పట్టపగలు, నాలుగు కాటాలూ ఆగిపోయాయి.

ప్రోగ్రాం లోపలికి వెళ్ళి చూశాను. నాలుగూ లాక్ కోసం ఎదురుచూస్తున్నాయి. ఆ లాక్ ఇప్పుడు ప్రోగ్రాంలోనే లేదు. వరసవరసా వెతికాను, లేదు. అయినా అది ఎవరి చేతిలో ఉందంటే, తెర మీద మునిరత్నం నంబరు కనిపిస్తోంది.

మెషీన్ ఆపి మళ్ళీ వేశాం. కొత్త మెషీన్ తెప్పించి పెట్టాం. అదే నంబరు. నేనే ఏదో చేశానని బాసు తిరుపతి నుంచి ఊడిపడి నా ల్యాప్‌టాప్ లాక్కున్నాడు. అయినా కాటాలు కదల్లేదు.

అప్పుడు మేనేజరు ఏం చేశాడో తెలుసా? పూజారిని పిలిపించాడు. సర్వర్ ముందు కర్పూరం వెలిగించి నిమ్మకాయలు కోశారు. బతికున్నప్పుడు ఆ మనిషికి నీడన ఒక కుర్చీ వేయని వాళ్ళు, పోయాక గుమ్మడికాయ కొట్టారు. నా ఒళ్ళు మండిపోయింది. "దిష్టి కాదు సార్ తీయాల్సింది, ఆ తప్పు లోడు తీయండి" అని అందరి ముందూ అరిచాను. బయట ట్రాక్టర్లు రోడ్డు దాకా నిండిపోయాయి. వేరే దారి లేక మేనేజరు సరేనన్నాడు.

ఫ్యాక్టరీ కంప్యూటర్లోనే కూర్చుని వ్యాపారి లోడును వ్యాపారి పేరు మీదికి మార్చాను. వెంటనే, ఎవరూ ఏమీ నొక్కకుండానే, మైకు మునిరత్నం నంబరును పిలిచింది.

వరసలో ఎవరూ కదల్లేదు. ఆయన ఊరి పెద్దాయన ఒకరు గోడ మీది తువ్వాల తీసుకొచ్చి, ఖాళీ కాటా మీద పరిచి, కిందికి దిగాడు. "నీ వంతు వచ్చిండాది, పోప్పా మునిరత్నం" అన్నాడు.

తువ్వాల బరువుకు ఆ కాటా అంకె కూడా మారదు. లారీల్ని తూచే కాటా అది. కానీ తెర మీద అంకెలు పైకి ఎక్కుతూ పోయి, ట్రాలీ నిండా కాయలున్న ట్రాక్టరు బరువు దగ్గర ఆగాయి. కాసేపు నిలిచి మళ్ళీ సున్నాకి వచ్చాయి. నాలుగు కాటాలూ కదిలాయి. మేనేజరు చూశాడు, బాసు చూశాడు, రైతులంతా చూశారు. తర్వాత మెకానిక్ వచ్చి కాటాలో ఏ లోపమూ లేదని చెప్పి వెళ్ళాడు.

నేను ఆ ఉద్యోగం మానేశాను. ఆ ప్రోగ్రాం నకలు ఇప్పటికీ అప్పుడప్పుడు తెరిచి చూస్తుంటాను. అందులో లాక్ లేదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో, కాటా దేన్ని తూచిందో నాకు తెలియదు. తెలుస్తుందన్న ఆశ కూడా లేదు.

కానీ బాసు ఆయన్ని దెయ్యం అంటే మాత్రం ఊరుకోను. దెయ్యాలు జనాన్ని పట్టి పీడిస్తాయంటారు కదా, ఆ ఫ్యాక్టరీలో ఆ పని చేసింది ఎవరు? మునిరత్నం ఎవరినీ ఏమీ చేయలేదు. తన వంతు కోసం నిలబడ్డాడు. పోయాక కూడా వరస తప్పకుండా నిలబడ్డాడు.