ముత్తమ్మ చెలిమె

చివ్వెంల దగ్గర ఒక చెరువు చుట్టూ నడకదారి వేసే పనికి నేను ఇంజినీరుని. సెలవు రోజుల్లో జనం వచ్చి చెట్లూ పిట్టలూ చూసుకుంటూ తిరగాలని ఆ ఏర్పాటు. చెరువులో కలిసే వాగు ఒకటి దారికి అడ్డం వచ్చింది. ఏప్రిల్‌లో అందులో ఇసుక తప్ప ఏమీ లేదు. వానాకాలానికి రెండు పైపులు పెట్టి, మిగతాది మట్టితో పూడ్చేద్దామని సున్నంతో గీత కొట్టించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

మట్టి పోసే రోజు పొద్దున ఆరింటికి వెళ్తే, ఆ గీత మీద ఊళ్లో గొర్రెలు కాసే ముత్తమ్మ నిలబడి ఉంది. వెనక అరవై గొర్రెలు. భర్త పోయినప్పుడు ఆమెకు మిగిలినవి ఇరవై. వాటిని అరవై చేసి, కూతురు స్వరూపను సూర్యాపేటలో నర్సు చదువు చదివించింది. గొర్రెలనూ ఆఫీసర్లనూ ఒకే గొంతుతో అదిలిస్తుంది.

"గీడ మట్టి పోస్తే నా జీవాలు ఏడ తాగాలె సారూ?"

"అంత చెరువుంది కదమ్మా."

"నీళ్లు నడుమకు పోయినయి. సుట్టూ బురద. దిగిన గొర్రె దిగినట్టే ఉంటది. ఎండకాలమంత మాకు గీ వాగే."

"వాగులో నీళ్లెక్కడివి?"

"సూపిస్తా ఆగు."

ఏటా ఊటనీళ్ల కోసం ఇసుకలో చెలిమె తవ్వే చోటే కూర్చుని, రెండు చేతులతో ఇసుక తోడింది. మోచేతి లోతుకు వెళ్లినా పొడి ఇసుకే. నిజం చెప్పొద్దూ, నాకు లోపల సంతోషమే అయింది. ఆమె మాత్రం కంగారు పడలేదు. "పోయిన నెల మీ మిషిని గీడ ఇసుక కదిలిచ్చింది" అని లేచి, గొర్రెల వైపు చూసింది. గట్టు వారన ఒక ముసలి గొర్రె ముందుకాలితో ఇసుక గీరుతోంది.

"నాకంటె దీనికే ఎరుక" అని నవ్వి, అక్కడ తవ్వింది. జానెడు లోతులో ఇసుక తడిసింది. ఇంకాస్త తవ్వితే నీళ్లూరాయి. మట్టినీళ్లు మూడుసార్లు తోడి పారబోసింది. తేటనీళ్లు కొబ్బరిచిప్పలో పట్టి నాకు అందించింది.

"కొత్త చెలిమెల నీళ్లు ముందుగాల మనిషి తాగాలె. మంచిగుంటెనే జీవాలను ఇడుస్తం. తాగు సారూ, పూడ్సేటోనివి నువ్వే కద."

తాగాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి. తలెత్తి ఆమె మొహం చూడటానికి సిగ్గేసింది.

అప్పటికే మట్టి లారీ వస్తున్న చప్పుడు. ఎదురెళ్లి ఆపాను. వాగు పూడ్చొద్దు, వంతెన వేద్దామని పై ఆఫీసరుకు ఫోన్ చేశాను. మళ్లీ డ్రాయింగులా అని ఆయన విసుక్కున్నారు. రాత్రికల్లా గీసి ఇస్తానన్నాను. సరేననే దాకా ఫోన్ పెట్టలేదు.

వచ్చి చెప్తే ముత్తమ్మ దండం పెట్టలేదు, మెచ్చుకోలేదు.

"వంతెన జర ఎత్తుగ కట్టు సారూ, జీవాలు కిందికెల్లి పోవాలె" అని నాకు పని పురమాయించి, గొర్రెలను నీళ్లకు వదిలింది.