వంటావార్పుకు పది కిలోల బియ్యం

తెలంగాణ కోసం సమ్మె మొదలై జీతం ఆగిపోయిన నెలలో మా ఆయన నాతో ఒకే ఒక్క మాట అన్నాడు.

"ఇల్లు నడవకపోతే దాచకుంట చెప్పు. తెల్లారి పోయి బండెక్కుత."

ఆయన బస్సు డ్రైవరు. కోరుట్ల నుంచి సిరిసిల్లకు తోలేవాడు. సమ్మె విరమించేదాకా స్టీరింగు ముట్టనని చౌరస్తాలో అందరి ముందు చెప్పిన మనిషి. ఇంట్లో గింజలు లేవని మధ్యలో డ్యూటీకి పోతే ఆ తర్వాత గల్లీలో ఎవరి మొహం చూడగలడు? "నడుస్తది" అన్నాను. అన్నాక ఇక నడిపించాలి కదా.

పొదుపు నాకు కొత్త కాదు. మా పుట్టిల్లు సారంగాపూర్. అమ్మ కూలికి పోయేది, ఆమె వంటలో పారేసేదంటూ ఏమీ ఉండేది కాదు. నేనూ గ్యాస్ పొయ్యి మీద గుడ్డ కప్పేసి, పెరట్లో మూడు రాళ్లు పెట్టి, గింజలు వలిచేసిన మక్కజొన్న కంకుల బెండ్లతో వండడం మొదలుపెట్టాను. బీరకాయలు తెస్తే చెక్కు ఒక పూట పచ్చడి, కండ ఇంకో పూట కూర. గుప్పెడు కందిపప్పుకు బుట్టెడు తోటకూర. కూర వండబుద్ధి కాకపోతే పచ్చిపులుసు ఉండనే ఉంది. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ తరిగి, కాల్చిన మిరపకాయలు నలిపి వేస్తే సరి, నూనె చుక్క కూడా అడగదు. రోజూ పళ్లెంలో రంగు మారుతుంటే పిల్లలకైనా అనుమానం రాలేదు. నిజం చెప్పాలంటే నాకు అదంతా సరదాగానే ఉండేది. నన్ను నేనే శభాష్ అనుకునేదాన్ని.

ఆ శభాషే నా కొంప ముంచింది. ఒక సాయంత్రం ఆయన హుషారుగా వచ్చాడు.

"రేపు చౌరస్త కాడ వంటావార్పు. మనింటి నుంచి పది కిలోల బియ్యం ఇస్తమని చెప్పిన."

"ఎవల్ని అడిగి చెప్పినవ్?"

"అడిగేదేందే? మనింట్ల ఏం తక్కువైంది? రోజుకో కూర చేస్తనే ఉన్నవ్ గద!"

ఒళ్లు మండింది. పది కిలోలంటే డబ్బాలో ఉన్నదాంట్లో సగానికి పైనే. లోపల ఏముందో మూత తీసి చూపించాలనిపించింది. కానీ చూపిస్తే మర్నాడే ఖాకీ చొక్కా వేసుకుని డిపోకు పోతాడు. కోపం దిగమింగి, బియ్యం కొలిచి సంచిలో పోశాను.

వంటావార్పు అంటే రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తినడం. బండ్లు ఆగిపోవాలి, అదే నిరసన. నేను సంచితో పోయేసరికి పక్కింటి బీడీలు చుట్టే అక్క కూడా ఒక సంచి మీద చెయ్యి వేసుకుని ముటముటలాడుతూ కూర్చుంది. ఆమె భర్త అటెండరు, ఆయనా సమ్మెలోనే ఉన్నాడు.

"మీ ఆయన పది అన్నడట. విని మా ఆయన పన్నెండన్నడు. ఇంట్ల ఏమున్నదో ఆయనకేం ఎరుక!"

"మనదే తప్పక్కా. లేదన్నది తెల్వకుంట వండిపెడితిమి" అన్నాను.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వాం. ఇంతలో కుర్రాళ్లు సంచులన్నీ విప్పి ఎసట్లో పోయబోయారు. నేను పోయి చెయ్యి అడ్డం పెట్టాను.

"తినేటోళ్లను చూసి పొయ్యుండ్రి! మిగిలింది రోడ్డు మీద పారబోస్తే తెలంగాణ వస్తదా?"

గరిటె నా చేతికే వచ్చింది. అందరూ కడుపునిండా తిన్నాక కూడా సంచుల్లో బియ్యం మిగిలాయి. అంతమందికి ఒకే పెద్ద గుండిగలో వండితే కట్టెలు ఎంత తక్కువ పట్టాయో అక్కా నేనూ ఇద్దరం గమనించాం. మిగిలిన బియ్యంలో మా వాటా తెచ్చుకుని, మర్నాటి నుంచి రెండిళ్లకూ మా పెరట్లో ఒకే పొయ్యి పెట్టాం. ఆమె కూరగాయలు తరిగేది, నేను వండేదాన్ని. ఆమె చాటలో బీడీ ఆకులు పెట్టుకుని కూర్చుంటే కబుర్లకు కొదవుండేది కాదు. అంత తక్కువతో అంత తృప్తిగా మళ్లీ ఎప్పుడూ తినలేదేమో అనిపిస్తుంది.

సమ్మె విరమించారన్న కబురు వచ్చేనాటికి డబ్బాలో బియ్యం అడుగంటాయి, కానీ అయిపోలేదు. మర్నాడు పొద్దున ఆయన ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు.

"ఉత్తగనే భయపడ్డనే. మనింట్ల ఏ లోటూ కాకపాయె."

ఇన్నాళ్లూ నేను పడ్డ పాట్లన్నీ ఏకరువు పెట్టాలని నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూశాను. పండగకు బయల్దేరిన పిల్లాడిలా ఉన్నాడు. "అవును, ఏ లోటూ కాలే" అని అన్నం డబ్బా చేతికిచ్చాను.