కిర్రు చెప్పులూ కొండనీళ్ళ చెంబూ

చోడవరం స్కూల్లో నేను డ్రిల్లు మాస్టర్ని. పిల్లల చేత లెఫ్టు రైటు నడిపించడమే గాని నేను నడిచింది తక్కువ. మైదానంలో ఉన్న ఒక్క వేపచెట్టు నీడ ఎటు జరిగితే నేనూ అటు జరిగేవాణ్ణి. నా వ్యాయామం అంతే. అలాంటివాణ్ణి కొండల మొదట్లో బయలుదేరి సముద్రం దాకా కాలినడకన వెళ్ళానంటే స్టాఫ్ రూములో ఎవరూ నమ్మలేదు. నడిచినప్పుడు నాతో ఉన్నది ఇద్దరే, మా అత్తగారూ ఒక రాగి చెంబూ.

యాభైల్లోని మాట. నాకు పెళ్ళయి ఏడాది దాటింది. అత్తవారి ఊరు మాడుగులకు పైన, కొండ కాళ్ళ దగ్గర ఉంది. మా ఆవిడకు చిన్నతనంలో టైఫాయిడ్ వచ్చి ఆశ వదులుకున్నారట. గుంట బతికితే కొండ ఊట నీళ్ళు చెంబుతో పట్టుకుని, బండెక్కకుండా, నేల మీద కాలుతో నడిచి వెళ్ళి మాఘ పౌర్ణమినాడు సముద్రంలో గంగమ్మ తల్లికి పోస్తానని అత్తగారు మొక్కుకుంది. గుంట బతికింది, పెరిగింది, నన్ను కట్టుకునేంత ధైర్యం కూడా తెచ్చుకుంది. మొక్కు మాత్రం తీరలేదు. ఏటా మాఘమాసానికే చెరుకు గానుగ ఆడుతుంది, బెల్లం పాకం పొయ్యి మీద ఉంటుంది, ఇంట్లో ఎవరికీ కదలడానికి ఉండదు.

ఆ ఏడు మా ఆవిడ నెలలు నిండుతూ పుట్టింట్లో ఉంది. అప్పుతో పురుడు పొయ్యకూడదని అత్తగారికి పట్టుకుంది. గంగమ్మకు ఇవ్వాల్సింది ఇచ్చేస్తేగాని కూతురు క్షేమంగా రెండు ప్రాణాలు అవుతుందని ఆవిడకు నమ్మకం కుదరలేదు. మావగారు పాకం వదిలి రాలేడు. కొడుకులు లేరు. అందరూ కలిసి నా వైపు చూశారు. డ్రిల్లు మాస్టర్ని కదా, నడక నా వృత్తి అనుకున్నారు పాపం.

చిక్కల్లా ఒకటే. అత్తగారు నాతో మాట్లాడదు. కోపం కాదు, మర్యాద. మా వైపు ఆ రోజుల్లో అత్తగారు అల్లుడికి ఎదురు పడేది కాదు. తలుపు చాటున నిలబడి, చెప్పదల్చుకున్నది కూతురితో అంటున్నట్టు చెప్పేది. నడిచేటప్పుడు ఆవిడ నా వెనకాలే రావాలి, నేను వెనక్కి తిరిగి చూడకూడదు. మరి దారిలో కూతురు లేదే. అందుకని ఆవిడ చెంబుని పట్టుకుంది. పెళ్ళిలో మావగారు నా కాళ్ళు కడుగుతుంటే అత్తగారు నీళ్ళు పోసింది ఆ చెంబుతోనే. ఊట దగ్గర దాన్ని నింపి, మూతికి ఆకు కప్పి గుడ్డ కట్టి, మొదటి మాట దానితోనే అంది.

"ఒసే చెంబూ, బాబు గోరిని బయల్దేరమని సెప్పవే."

"సరేనని చెప్పవే చెంబూ," అన్నాను నేను.

నా కాళ్ళకు వాళ్ళు పెళ్ళిలో పెట్టిన కిర్రు చెప్పులు ఉన్నాయి. అల్లుడు వీధి మొదట్లో ఉండగానే అరుగుల మీదివాళ్ళకు తెలిసిపోవాలని వాటిని అలా కిర్రుమనేట్టు కుట్టించారు. వాటిని విప్పి చంకన పెట్టుకుంటే పెట్టినవాళ్ళ పరువు పోతుంది. తొడుక్కుంటే నా పాదాలు పోతాయి. నేను వాళ్ళ పరువే కాపాడాను.

ఇక నడక. వెనక ఆవిడ అడుగులు దగ్గరవుతున్నట్టు వినిపించేది. పెద్దావిడ నన్ను దాటాల్సి వస్తే ఎంత ఇబ్బంది అని నేను వేగం పెంచేవాణ్ణి. కిర్రు చప్పుడు ముందుకు పోయేసరికి, అల్లుడు గారికి తొందరగా ఉంది కాబోలని ఆవిడా వేగం పెంచేది. పెద్దావిడ ఆగకుండా నేనెలా ఆగను? అల్లుణ్ణి ఆగమని ఆవిడెలా అడుగుతుంది? మాడుగులలో హల్వా కొట్టు ముందు నా కాళ్ళు వాటంతట అవే నెమ్మదించాయి గాని, వెనక అడుగులు వినపడి నేతి వాసన మాత్రం పీల్చుకుని పోయాను. పొద్దు వాలకముందే చోడవరంలో మా ఇంటి గుమ్మం దగ్గర పడ్డాం. మా అమ్మ మా ఇద్దరి మొహాలూ చూసి, "ఏట్రా, ఎవరైనా తరిమేరేటి?" అంది. నిజమే, ఒకర్నొకరం తరుముకున్నాం.

మర్నాడు అనకాపల్లి దారిలో నా పాదాలు బొబ్బలెక్కి పగిలాయి. ఒక కల్వర్టు దగ్గర పరువును పక్కన పెట్టి చెప్పులు విప్పాను. కొంత దూరం నడిచాక గాని తట్టలేదు. కిర్రు ఆగింది సరే, వెనక అడుగులేవీ? మొదటిసారి వెనక్కి తిరిగాను. దారి ఖాళీగా ఉంది.

పరుగెత్తాను. డ్రిల్లు మాస్టరు పరుగెత్తడం చూసే భాగ్యం నా శిష్యులకు దక్కలేదు. చెరుకుతోట గట్టున అత్తగారు కూర్చుని ఉంది. అరికాల్లో తుమ్మముల్లు దిగి విరిగిపోయింది, పాదం వాచింది. పక్కన బెల్లం బండి ఆగి ఉంది. బండివాడు ముసలాయన, మంచివాడు.

"ఎక్కమ్మా, ఊరి దాకా కూకుంటే గంగమ్మ తల్లేటీ అనుకోదు," అంటున్నాడు.

ఆవిడ ఒళ్ళో చెంబుని చూస్తోంది. కళ్ళలో నీళ్ళు. బండెక్కితే ఇన్నేళ్ళ మొక్కూ ఆ గట్టునే ఒలికిపోయినట్టే. ఎక్కకపోతే నిలబడలేదు. నేను కింద కూర్చుని పాదం పట్టుకోబోయాను. చటుక్కున చీరలోకి లాక్కుంది.

"వద్దని సెప్పవే చెంబూ. అల్లుడి సేత కాళ్ళు పట్టించుకుంటానా?"

నేను చెంబు తీసి గట్టు మీద జాగ్రత్తగా పక్కకు పెట్టాను.

"దాన్ని మధ్యలో పెట్టకండి, అత్తయ్యా. పెళ్ళినాడు మీరు నా కాళ్ళు కడిగేరు, నేను వద్దన్నానా?"

 ఆవిడ తోటకేసి మొహం తిప్పుకుని పాదం మెల్లగా ముందుకు జరిపింది. గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి నా చేతికే ఇచ్చింది. ముల్లు ఎంతకీ రాదు. ఆవిడ కాలు మాత్రం కదల్లేదు. చివరికి ముక్క బయటపడ్డాక కాలవ నీళ్ళతో పాదం కడిగి, నా కండువా చింపి కట్టు కట్టాను.

"నిన్నటి నుంచీ మీరు ఆగుతారేమోనని సూత్తన్నాను, బాబూ," అంది ఆవిడ. నా మొహంకేసి చూసి అన్న మొదటి మాట అది.

"మీరు ఆగమంటారేమోనని నేను చూస్తన్నానండి."

బండివాడు ఎడ్లు ఉలిక్కిపడేట్టు నవ్వాడు. అడగలేకపోయినందుకు అన్ని అడుగులు వేశాం మరి. చెప్పులకు మొక్కు లేదు కనుక వాటిని బండెక్కించాను. మాకంటే ముందే, మాకంటే క్షేమంగా అవి అనకాపల్లి బెల్లం బజారు చేరుకున్నాయి.

అక్కడినుంచి పక్కపక్కనే నడిచాం. ఆవిడ చెయ్యి నా భుజం మీద, ఇద్దరివీ ఉత్త కాళ్ళు, ఇద్దరిదీ కుంటి నడక. అలసినప్పుడు ఆగమని అడిగింది, ఆగాం. శారదా నది వంతెన మీద వంగి చూసి ఈ నీళ్ళేటని అడిగింది. ఏటి నీళ్ళేనన్నాను. నవ్వడానికి ఆవిడకు కొంచెం సేపు పట్టింది. మా ఆవిడ చిన్నప్పటి అల్లరంతా ఆ దారిలోనే నాకు తెలిసింది. తర్వాత సంసారంలో చాలాసార్లు పనికొచ్చింది.

పౌర్ణమినాటికి పూడిమడక చేరాం. తీరమంతా జనం. సముద్రాన్ని ఆవిడ అంతకుముందు చూడలేదు. ఇంత నీటికి నా చెంబుడు ఏపాటి అన్నట్టు ఒక్క క్షణం తటపటాయించి, తర్వాత మోకాళ్ళ లోతుకు దిగి, గుడ్డ విప్పి కొండ నీళ్ళు పోసింది. కూతురి పేరు గట్టిగా చెప్పింది. పక్కన స్నానం చేస్తున్న ఆడవాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చేరమ్మా అని అడిగితే, తన సంగతి ఎత్తనేలేదు.

"మా అల్లుడు గారు. కొండ కాడి నుంచి నడిచొచ్చేరు," అంది.

వాళ్ళంతా నావైపు చూశారు. నా జీవితంలో ఎవరూ నన్ను అంత గొప్పగా పరిచయం చెయ్యలేదు, తర్వాత కూడా. ఛాతీ దానంతటదే పొంగింది.

అప్పుడు అత్తగారు ఖాళీ చెంబుని సముద్రంలో ముంచి, ఒడ్డుకొచ్చి, నన్ను కదలొద్దని చెప్పి నా పాదాల మీద నీళ్ళు పోసింది. పెళ్ళిలో పోసినట్టే, ధారగా. పగిలిన బొబ్బల మీద ఉప్పునీళ్ళు. మంట నడినెత్తికెక్కింది. మడమలు కలిపి, చేతులు పక్కలకు ఆనించి, చూపు ముందుకు నిలిపి, నేను మా పిల్లలకు నేర్పిన అటెన్షన్‌లో చెంబు ఖాళీ అయ్యేదాకా నిలబడ్డాను.