కట్టని దవాఖానాకు పట్టిన పాకుడు

మా పక్కింటి మేస్త్రి మామ పోయిన మంగళవారం మధ్యాహ్నం చనిపోయాడు. వాగు ఒడ్డున, ట్రాక్టరు తొట్టిలో, వరిగడ్డి మీద. మూడు రోజుల చలిజ్వరం. నీళ్ళు తగ్గితే అవతలికి దాటించి భద్రాచలం తీసుకుపోదామని నలుగురం ఒడ్డున నిలబడి చూస్తూ ఉన్నాం. నీళ్ళు తగ్గలేదు. మట్టి చేసేటప్పుడు పాస్టరు గారు అంతా దేవుని చిత్తం అన్నారు. ఆయన మంచివారు, ఆయన మీద నాకేం లేదు. కానీ ఈ ఊరి బడిలో పదిహేనేళ్ళుగా చదువు చెబుతున్నదాన్ని, తప్పు లెక్కకు ఒప్పు అని గీత పెట్టలేను. మా ఊళ్ళో దవాఖానా లేక ఆయన చనిపోయాడు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, లేని దవాఖానా కాగితాల్లో ఉన్నందువల్ల చనిపోయాడు. దాన్ని ఆ కాగితాల్లోకి ఎక్కించినవి ఆయన చేతులే. నా చేతులు కూడా.

రక్తసంబంధం లేదు, ఊరి వరుసకు మామ. నేను పాఠం చెప్పే బడి, మేము ఆదివారం కూడుకునే ప్రార్థన మందిరం, చర్ల రోడ్డు దాకా ఉన్న ఇళ్ళలో సగం ఆయన తాపీ కింద లేచినవే. ఎవరింటికి వెళ్ళినా మనుషుల కంటే ముందు గోడల్ని పలకరించేవాడు. అరచెయ్యి ఆనించి, వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, "ఈడ తేమ వట్టింది, సూస్కోన్రి" అనేవాడు. పెళ్ళిచూపుల్లో కూడా అదే పని చేశాడని ఆయన భార్య, మా అత్త, మొన్నమొన్నటి దాకా దెప్పేది. "నా మొకం సూడలే బిడ్డా, మా నాయన కట్టిన గోడ సూసిండు" అని.

పన్నెండేళ్ళ కిందట మా ఊరికి దవాఖానా వస్తుందన్నారు. శంకుస్థాపనకు వచ్చే పెద్దలకు చూపించడానికి నమూనా ఒకటి కావాలని సర్పంచు ప్లాను కాగితం తెచ్చి మామ చేతిలో పెట్టాడు. ఇంకొకరైతే అట్టముక్కలు అంటించి ఇచ్చేవారు. ఈయన నెలన్నర వేరే పని ముట్టలేదు. అడుగుకు అంగుళం లెక్కన బూరుగు చెక్కతో గోడలు నిలిపి, గుడ్డలో జల్లించిన మట్టిని చింతగింజల బంకతో కలిపి పూత పూసి, దాని మీద సున్నం వేశాడు. బొటనవేలి గోరంత పెంకులు వందల కొద్దీ చేసి పిడకల్లో కాల్చి కప్పాడు. మంచమంత పలక మీద భవనం, దాని చుట్టూ ఎర్రమట్టి బాట, సైకిలు పుల్లలతో చేతిపంపు, ఎండు కొమ్మలకు రంగు వేసిన రంపపు పొట్టు అంటించి రెండు వేపచెట్లు. వరండా పొడుగునా ఒక బెంచీ కూడా పెట్టాడు. ప్లానులో బెంచీ లేదని సర్పంచు అంటే మండిపడ్డాడు.

"ప్లానుల లేకపోతే ఏంది? తల్లులు పిల్లలను ఎత్తుకొని ఎంతసేపని నిలవడ్తరు?"

మామ వాళ్ళ ఒక్కగానొక్క బిడ్డ నాలుగేళ్ళ వయసులో ఇదే వాగు దారిలో, ఎడ్లబండిలో, అత్త ఒళ్ళో జ్వరంతో పోయింది. నేను పుట్టకముందు సంగతి అది. ఆ బెంచీ ఎందుకో ఊరందరికీ తెలుసు.

పెద్దలు వచ్చారు, నమూనా చూసి భలే ఉందన్నారు, రాయి పాతారు, పోయారు. ఏడాది గడిచింది. రాయికి మేకలు వీపు గోక్కుంటున్నాయి తప్ప ఇటుక ముక్క దిగలేదు. అప్పుడు మొదలుపెట్టాడు మామ ఆ వింత పని. మొదటి వానలు పడగానే నమూనాను వసారాలో ముందర పెట్టుకుని దానికి ఒక ఏడాది వయసు పెంచాడు. కట్టి ఉంటే ఈ వానకు ఇంత మాసేది అని.

మాపడం అంటే మసి పూయడం కాదు ఆయనకు. ముందు బయటికి వెళ్ళి బడి గోడల్ని, మందిరం గోడల్ని గంటలసేపు చూసి వచ్చేవాడు. చినుకు నేలను కొట్టి ఎర్రమట్టిని గోడకు ఎంత ఎత్తుకు చిమ్మిందో మూరతో కొలిచి, దాన్ని అంగుళాల్లోకి తగ్గించి, గుడ్డ చుట్టిన పుల్లతో అంత వరకే అద్దేవాడు. కిటికీ కింద కారిన చారలకు చిక్కటి టీ డికాక్షను, అది కూడా దబ్బనం మొనతో, పైనుంచి కిందికి. ఇనుప చువ్వల తుప్పుకు పులిసిన మజ్జిగలో నానబెట్టిన మేకుల నీళ్ళు. పడమటి గోడకు పసరు రుద్ది పాకుడు పట్టించాడు. తూర్పు గోడకు కూడా పట్టించవా అంటే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"వాన ఎటుకెల్లి కొడ్తదో తెల్వకుంట ముట్టుకుంటే అది పాతగాదు బిడ్డా, మురికైతది."

మూడో ఏడు కూడా అలాగే కూర్చుని ఉంటే ఎగతాళి చేశాను. "పుట్టకముందే ముసలిదాన్ని చేస్తున్నవేంది మామా?"

"వాళ్ళకు సోయి లేకపోతే కాలం ఆగుతదా?" అన్నాడు తలెత్తకుండా.

ఆ చలికాలం ఒక ఇంజినీరు జీపులో వచ్చాడు. వెంట ఫొటోగ్రాఫరు. వసారాలో నమూనాను చూసి ఇంజినీరు వంగి, గోడ మీది చారను గోటితో గీకి చూశాడు. తర్వాత ఎంతో మర్యాదగా, ఫైలులో పెడితే పని కదులుతుంది, ఒక ఫొటో తీసుకుంటాం అన్నాడు. ఆయన మర్యాదకు మేము కరిగిపోయాం. పలకను నలుగురం మోసుకెళ్ళి శంకుస్థాపన స్థలంలోనే అడవికి ముందర పెట్టాం. ఫొటోగ్రాఫరు నిలబడి తీయబోతే మామ ఒప్పుకోలేదు. "గట్లగాదు సారూ, నేల మీద పండు. గడప నీ కంటికి సమానంగ రావాలె. అప్పుడే నిజం బిల్డింగు తీరు కనవడ్తది" అని ఆ మనిషిని బోర్లా పడుకోబెట్టాడు. పలక అంచు కనిపించకుండా నేను మట్టి పోసి సర్దాను. సరిగ్గా మీట నొక్కే సమయానికి ఒక కోడిపెట్ట వరండా ముందుకు వచ్చింది. ఫొటోలో పడితే దవాఖానాకంటే పెద్దగా కనబడుతుందని ఉష్ ఉష్ అంటూ తరిమాను. ఆ కోడిని తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేను వాయించుకోవాలనిపిస్తుంది. అది ఒక్కటి అడ్డం నిలబడి ఉంటే మా ఊరు బతికిపోయేది.

సమితులు పోయి మండలాలు వచ్చాక నేను అర్జీ పట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను. గుమాస్తా ఫైలు వెతికి, తిరగేసి, నా వైపు తిప్పాడు. ఫొటో. కింద భవనం పూర్తయిందనీ వాడుకలో ఉందనీ రాసి, సంతకం, ముద్ర.

"ఉన్నది గద టీచరమ్మా. మంచిగనే ఉన్నది. జర మాసింది, సున్నం ఏయించుకోన్రి."

ఇది బొమ్మ సారూ అంటే నవ్వాడు. బొమ్మకు గోడల మీద వాన చారలుంటయా అన్నాడు. తెల్లగా మెరిసిపోయే భవనమైతే ఎవరైనా ఒకసారి వచ్చి చూసి ఉండేవారేమో. మూడు వానలు తిన్న గోడను అనుమానించేవాడు ఎవడు? తినేవాడు తిన్నాడు, రాసేవాడు రాశాడు, ఇద్దరూ బదిలీ మీద వెళ్ళిపోయారు.

మామకు చెప్పాను. అంతా విని ఆయన అడిగిన మొదటి మాట ఇది: "ఫొటోల చారలు కనవడ్డయా బిడ్డా?"

నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన వయసు కూడా చూడలేదు. నీ పనితనం మండిపోను, నీ గొప్ప కోసం ఊరిని అమ్ముకున్నావు అన్నాను. చనిపోయినవారి స్మృతి అంటే మంచే రాయాలంటారు కానీ, ఆ మాట అడిగినందుకు ఆయన మీద నాకు కోపం పోలేదు, పోయిందని రాస్తే అది ఇంకో దొంగ కాగితం అవుతుంది. ఆయనతో రెండు నెలలు మాట్లాడలేదు.

మళ్ళీ నేనే వెళ్ళాను, ఒక దారి దొరికిందని. భవనం పాడైపోయిందని రుజువు చూపిస్తే కొత్తది అడగొచ్చని ఆ గుమాస్తాయే ఎవరితోనో అన్నాడట. మామ నా ముఖంలోకి చూశాడు. "అయితే కూలగొడ్దాం" అన్నాడు.

రెండు వానాకాలాలు పట్టింది. సుత్తితో రెండు దెబ్బలు వేస్తే సరిపోదా అన్నాను. "కొడితే కొట్టినట్టు కనవడ్తది. కూలాలంటే లోపటికెల్లి నానాలె" అన్నాడు. పెంకులు నాలుగు జరిపి, అక్కడి నుంచి రోజూ చెంబుడు నీళ్ళు వదిలాడు. వాసం చివర మెత్తబడి కుంగింది. కిటికీ మూల నుంచి పగులు ఏటవాలుగా పాకింది. ఎక్కడా చెయ్యి పడినట్టు కనిపించదు. కట్టేటప్పుడు ఈలపాట పాడుకుంటూ చేసిన మనిషి ఇప్పుడు పళ్ళు కొరుకుతూ చేశాడు. బెంచీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అత్త అడ్డం వచ్చింది. "అది ఇరగ్గొట్టకు" అంది. దాన్ని వదిలేశాడు.

ఈసారి ఫొటో మేమే తీయించి పంపాం. జవాబు రెండు నెలలకే వచ్చింది, అంత జల్దీ ఎప్పుడూ రాలేదు. ప్రభుత్వ భవనాన్ని నిర్లక్ష్యంతో పాడుచేసినందుకు గ్రామస్థులు సంజాయిషీ ఇవ్వాలని. దానితో పాటు ఒక ప్యూను, చేతిలో జిగురు డబ్బా, చంకలో నోటీసు. భవనం ప్రమాదకరం, లోపలికి వెళ్ళరాదు.

"బిల్డింగు ఏది?" అన్నాడు. వసారాలో చూపించాం. బిత్తరపోయి మామ వైపు, నా వైపు చూసి, "నాదేముందమ్మా, అంటిచ్చి రమ్మన్నరు" అని శంకుస్థాపన రాయి మీద అంటించి పోయాడు. మామ ఆ రాయి దగ్గరికి వెళ్ళి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. ఆ తర్వాత తాపీ పట్టాడు గానీ నమూనాను మళ్ళీ ముట్టలేదు.

మంగళవారం వాగు దగ్గర ఆయనకు తెలివి ఉంది. ఎండ పడకుండా తొట్టి మీద దుప్పటి పట్టుకుని, తగ్గుతున్నది మామా, ఇంకొంచెంసేపే అని అబద్ధం చెప్పాను. ఆయన తల తిప్పి అవతలి గట్టున రాతికట్టు మీద తడి గీతను చూశాడు. "పెరిగింది. పొద్దటికంటె బెత్తెడు మీదికే ఉన్నది. నాకు చెప్తవా?" అన్నాడు, విసుగ్గా. ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే.

శుక్రవారం అత్తను తీసుకుని మరణం రాయించడానికి పంచాయతీ కార్యదర్శి దగ్గరికి వెళ్ళాను. మామ పేరు రాశాడు, వయసు రాశాడు, జ్వరమని రాశాడు. వేలిముద్ర వేయమని సిరా దిండు జరిపాడు. అత్త బొటనవేలు సిరాలో అద్దింది. ఇంతలో నేను కాగితం మీదికి వంగి చూశాను. మరణించిన స్థలం దగ్గర మా ఊరి ప్రభుత్వ దవాఖానా అని ఉంది.

"ఇదేంది సారూ? వాగు కాడ గద పోయిండు."

"వాగు కాడ అని రాస్తే దవాఖానా పెట్టుకొని ఆడికెందుకు తీస్కపోయిన్రని అడుగుతరమ్మా. ఉన్నట్టే రాసిన. ఏం ఫరక్ పడ్తది?"

అత్తకు చదువు రాదు. "ఏం రాసిండు బిడ్డా?" అని అడిగింది. చెప్పాను.

ఆమె కాగితం మీదికి తెచ్చిన చెయ్యిని వెనక్కి తీసుకుంది. నల్లటి బొటనవేలిని లోపలికి మడిచి, పిడికిలి బిగించింది. ఆయన అమ్మా అమ్మా అని పిలుస్తున్నాడు. ఆమె ఆ పిడికిలిని అలాగే పట్టుకుని, వెనక్కి తిరగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.