ఎర్ర అంటని చోటు

నల్లప్ప ఇంటికి పిల్లను చూడడానికి వచ్చిన హనుమంతరాయప్ప కాఫీ తాగి, పిల్ల నచ్చిందని చెప్పి, తృప్తిగా వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు. ఆ గోడకు పొద్దున్నే ఓబక్క ఎర్రమన్ను పూసిపోయింది. కాసేపటికి ఆయన లేచి, అందరికీ దండాలు పెట్టి, నాగలమడిక బస్సెక్కాడు. వీపంతా ఎర్రగా ఉందని ఆ ఇంట్లో ఒక్కరూ చెప్పలేదు. సంబంధం కుదిరిన గంటలోనే వియ్యంకుడికి అలాంటి మాట చెప్పడం మర్యాద కాదు కదా. బస్సులో కండక్టరు మాత్రం ఆయన వీపు చూసి, కొట్టినోళ్లు ఎవరని మెల్లగా అడిగి, పావగడ ఆస్పత్రి ముందర బస్సు ఆపించాడు.

పెళ్లి జరిగింది. అంగీ మాత్రం మళ్లీ తెల్లబడలేదట.

ఆ నింద చాలాకాలం ఓబక్క మీదే ఉండిపోయింది. పచ్చిగోడకు ఎవరినీ ఆననివ్వొద్దని లోపల ఆడవాళ్లకు ఆమె చెప్పే పోయింది. బయట కూర్చున్న మగవాళ్లకు ఆ మాట చేరలేదు. అందులో ఆమె తప్పేమీ లేదు.

అప్పట్లో ఆ వైపు ఊళ్ల ఇళ్లలో గోడకు పైన సున్నం, కింద కూర్చున్న మనిషి తల ఎత్తు దాకా ఎర్రమన్ను. పండగొచ్చినా పెళ్లొచ్చినా ఓబక్కకు కబురు వచ్చేది. రాత్రి మన్ను నానబెట్టి, పొద్దున్నే పాతచీర గుడ్డలో వడగట్టి, కాస్త గంజి కలిపి, ఆ గుడ్డతోనే గోడను నిమిరినట్టు పూసేది. ఎక్కడ మొదలుపెట్టిందో ఎక్కడ ముగించిందో కనిపించేది కాదు. ఎండిన పినాకిని ఏటి ఇసుకలో చెలమ తోడి తెచ్చుకున్న నీళ్లు ఆమెవి. ఒక్క చుక్క కింద పడేది కాదు.

ఇన్ని ఇళ్ల గోడలు మాట విన్న మనిషికి, సొంత ఇంటి గోడే లొంగలేదు. దానికి కారణం ఆమె మొగుడు కొల్లప్ప. పొలం నుంచి రాగానే తలకు ఇంత ఆముదం పట్టించి, నట్టింట్లో ఒకే చోట కూర్చుని, గోడకు తల ఆనించేవాడు. జిడ్డు తాగిన గోడకు ఎర్రమన్ను పట్టదు. ఓబక్క కొడవలితో గీకింది, పేడతో అలికింది, రెండు పూతలు పూసింది. నాలుగు రోజులకు అక్కడ పెచ్చులూడి, గుండ్రంగా, నల్లగా ఆ మరక మళ్లీ బయటపడేది. పూసిన రోజైనా ఆగుతాడా అంటే అదీ లేదు. పచ్చిగోడకే ఆనుకుని అంగీ ఎర్ర చేసుకునేవాడు.

"నీకు గోడ తప్ప ఆనుకునేకి ఇంకేమీ లేదా? అంగీ ఉతికేకి నీళ్లు యాడుండాయి?" అని ఆమె అరిచేది.

"హనుమంతరాయప్ప అంతటోడే ఆనుకున్యాడు, నేనెంత?" అనేవాడు కొల్లప్ప, తల తీయకుండానే.

ఒక ఏడు శెనక్కాయ చెట్ల ఊడలు కాయ పట్టడానికి మట్టిలోకి దిగే వేళకు వాన మొహం చాటేసింది. నల్లప్ప తన బావి లోతు చేయించడానికి మనుషుల్ని దింపాడు. అందులో కొల్లప్ప ఒకడు. మధ్యాహ్నం బావి పక్కగట్టు విరిగి అతని మీద పడింది. పైకి తీసి గట్టున పడుకోబెట్టినప్పుడు తల నుంచి కాళ్ల దాకా ఎర్రమన్నే. పరుగెత్తుకొచ్చిన ఓబక్కకు మొట్టమొదట తోచింది ఒక్కటే: మళ్లీ అంగీ పాడుచేసుకున్నాడు. తిట్టడానికి నోరు కూడా తెరిచింది.

చావు జరిగిన ఇంటికి ఏడాది తిరిగేదాకా ఎర్ర పూయరు. ఓబక్క ఇల్లు వెలిసిపోయింది. ఊళ్లో మిగతా ఇళ్లకు పూయొద్దని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పిలవడం మానేశారు, అంతే. నల్లప్ప చిన్నకూతురి పెళ్లికి ఆయన భార్య గంగాదేవి కబురు పంపితే, ఓబక్క పాతచీర గుడ్డ చంకన పెట్టుకునే పోయింది. తీరా చూస్తే విత్తనానికి కాయలు ఒలవడానికి పిలిచారు. వాకిట్లో కూర్చుని ఒలుస్తూ, నట్టింట్లో ఎవరో పూస్తున్న ఎర్ర చారలు చారలుగా జారడం చూసింది. ఇంకొంచెం గంజి పడాలని చెప్పబోయి, ఇంకో గుప్పెడు కాయలు ఒళ్లోకి తీసుకుంది.

ఏడాది తద్దినానికి కొల్లప్ప తోడబుట్టిన పెద్దక్క తిరుమణి నుంచి ముందురోజే దిగింది. వచ్చీ రాగానే గోడలు చూసి, ఇల్లంతా ఎర్ర పూయాల్సిందేనని పట్టుబట్టింది. ఇంటికి ఎర్ర పూస్తేనే మైల తీరుతుంది, తమ్ముడు కూడా తన దారి తాను చూసుకుంటాడు అని ఆమె నమ్మకం. ఓబక్క ఆ రాత్రే మన్ను నానబెట్టింది.

పొద్దున్నే వాకిలి పక్కనుంచి మొదలుపెట్టి పూసుకుంటూ నట్టింటి గోడకు వచ్చింది. మరక దగ్గర చేయి ఆగలేదు. ఆ మొండిది ఎలాగూ లొంగదు, పూసినా నాలుగు రోజుల్లో బయటికి వస్తుందనే ధీమా. గుడ్డతో అంచు మీద ఒకసారి నిమిరింది. ఎర్ర పట్టింది. వేలితో రుద్దింది. ఊడలేదు. ఏడాదిగా తల ఆనక, ఆముదం అందక, జిడ్డంతా గోడలో ఇంకిపోయింది. ఇన్నేళ్లు ఆమె గీకి, అలికి, తిట్టి సాధించలేనిది ఇప్పుడు ఒక్క పూతతో అయిపోయేట్టుంది.

ఓబక్క గుడ్డ కుండలో వేసి, కొంగు తడిపి, ఆ అంచును మెల్లగా తుడిచింది. తుడుస్తూ మొహం దగ్గరగా పెట్టి వాసన చూసింది. ఆముదమో, మన్నో, ఏదో ఉండీ లేనట్టు తగిలింది. తర్వాత మరక చుట్టూ, దానికి తగలకుండా, ఎప్పుడూ లేనంత నున్నగా గోడంతా పూసి ముగించింది.

పెరట్లోంచి వచ్చిన పెద్దక్క నట్టింట్లో నిలబడిపోయింది. ఎర్రటి గోడ నడుమ తలకాయంత చోటు బోడిగా ఉంది.

"ఏమ్మే, ఊరందరి ఇండ్లూ అద్దం మాదిరి పూసినదానివి, నీ ఇంట్లో ఈ బొక్క ఏంది? సుట్టాలు వచ్చే పొద్దయింది, చూసినోళ్లు నవ్వరా?"

ఓబక్క చేతులకంటిన ఎర్రను కొంగుకు తుడుచుకుంది.

"ఆడ మీ తమ్ముడు ఆనుకుంటాడు వదినా, అంగీకి ఎర్ర అంటితే ఉతికేకి నీళ్లు యాడుండాయి?"