పడుగు పక్క నుంచి పోయే కారు

పోయిన నెల, మున్సిపల్ ఎన్నికలకు ఇంకా వారం ఉందనగా, మా పక్కింటి పెద్దమ్మ పోయింది. నిద్రలోనే పోయింది. తలుపు ఎంత కొట్టినా తీయడం లేదని పాలామె వచ్చి నన్ను లేపింది. ముందు రోజు సాయంత్రమే మా వార్డులో ఎవరు గెలుస్తారనే దాని మీద మేమిద్దరం గట్టిగా గొడవపడ్డాం. మాట తేలలేదు. రేపు చెప్తా నీ సంగతి అని ఆమె లోపలికి వెళ్లి పడుకుంది.

ఆమె నాకు చుట్టం కాదు. గద్వాలలో మగ్గాల గల్లీలో మా రెండిళ్లకూ గోడ ఒకటే. భర్త చీరలు నేసేవాడు. ఆయన పోయాక వేరేవాళ్ల మగ్గాలకు రాట్నం మీద నూలు కండెలు చుట్టి బతికింది. పిల్లలు లేరు. నేను వనపర్తిలో కాలేజీలో పాఠాలు చెప్తాను. నా భార్య పోయినప్పటి నుంచి నేనూ ఒక్కడినే. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమె అరుగు మీద రాట్నం ముందు కూర్చుని ఉండేది. నేను చెప్పులు విప్పక ముందే, మీవోళ్లు ఇయ్యాల ఏం కూసిన్రో విన్నవా అని మొదలుపెట్టేది. ఆమెది ఒక పార్టీ, నాది ఇంకొకటి. మామూలు రోజుల్లో నన్ను బిడ్డా అని పిలిచేది, ఎన్నికలు దగ్గరపడితే మాత్రం సారూ అనేది. ఆ పిలుపు మారగానే నాకు పండగ వచ్చినట్టుండేది. కాలేజీలో పిల్లలకు చెప్పే పాఠం తప్ప రోజంతా నేను నోరు తెరిచి మాట్లాడేది ఆ గొడవలోనే.

కారు సంగతి చెప్పాలి. మా కాలేజీలో అందరూ పెద్ద పెద్ద బండ్లు కొంటున్నారు. ఎత్తుగా, వెడల్పుగా, ఎదురొచ్చేవాడు తప్పుకోవాలన్నట్టు ఉంటాయి. నాకూ మనసైంది. పెద్దమ్మతో అంటే నేనూ వస్తానంది. పొద్దున్నే మా గల్లీలో పడుగు చాచారు. నూలు పడుగును గల్లీ పొడవునా చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టడం మా దగ్గర మామూలే. ఆ పడుగుకూ ఎదురుగోడకూ మధ్య ఆమె నిలబడి రెండు చేతులూ బారగా చాచింది. ఎందుకని నేను అడగలేదు.

మహబూబ్‌నగర్ షోరూంలో అర్థమైంది. ప్రతి బండి ముందుకూ వెళ్లి, దాన్ని కౌగిలించుకోబోతున్నట్టు చేతులు చాచి చూసింది. అమ్మేవాళ్లు నవ్వాపుకోలేకపోయారు. నాకు నచ్చిన పెద్ద బండి దగ్గర ఆమె చేతులు రెండు వైపులా చాలలేదు. ఇది మన పడుగు పక్క నుంచి పోదు అని తేల్చేసింది. ఏడుగురు కూర్చోవచ్చు పెద్దమ్మా అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఇంట్ల ఉండేది ఒక్కనివి. తక్కిన ఆరు సీట్లల్ల ఎవల్ని కూసోబెడ్తవ్ బిడ్డా?"

ఎగతాళికి అనలేదు. నెమ్మదిగా అడిగింది. నేను చిన్న కారు దగ్గరికి నడిచాను. ఆమె అందులో కూర్చుని, కాళ్లు కింద ఆనుతున్నాయో లేదో చూసుకుంది. వెనక డిక్కీ తీయించి నూలు మూట పడుతుందా అని చూసింది. బాగుంది, కొను అంది. అమ్మే అబ్బాయి మీ అమ్మగారికి నచ్చింది సార్ అంటే మేమిద్దరం దిద్దలేదు.

ఆ కారులో ఆమెను వీపనగండ్లలో ఉన్న చెల్లెలింటికి తీసుకెళ్లేవాణ్ని. ఒకసారి పెబ్బేరు దాటాక వాదం ముదిరింది. ఆమె నాయకుణ్ని నేనేదో అన్నాను. బండాపు, నేను దిగుతా అంది. దిగి, ఎండలో కొంగు నెత్తికి కప్పుకుని చకచకా నడక మొదలుపెట్టింది. నేను కిటికీ దించి పక్కనే మెల్లగా నడిపాను. ఆమె నడుస్తూనే కిటికీ వైపు తిరిగి తిడుతోంది, నేను స్టీరింగ్ పట్టుకుని జవాబిస్తున్నాను. లారీవాళ్లు హారన్ కొట్టి మమ్మల్ని చూసుకుంటూ పోయారు. కాసేపటికి ఆయాసం వచ్చి ఎక్కింది. మాట ఇంకా అయిపోలేదు కాబట్టి ఎక్కాను, నీ మీద ప్రేమతో కాదు అంది.

ఓటుకు కూడా ఇద్దరం అందులోనే పోయేవాళ్లం. నీ ఓటును నా ఓటు కొట్టేస్తుంది, ఇద్దరం ఇంట్లోనే పడుకుందామా పెద్దమ్మా అన్నానొకసారి. నువ్వు పండుకో, నేను పొయ్యొస్త అంది.

వెనకటి ఎన్నికల్లో మా పార్టీ నాయకుడి పెద్ద బండి గల్లీలోకి రాబోయింది. పడుగు తడిగా ఉంది. కాస్త పక్కకు మడవండి అని కార్యకర్తలు కేకలేశారు. తడి పడుగును మడిస్తే పోగులు అంటుకుపోతాయి, నేతగాడి కష్టమంతా మట్టిపాలే. పెద్దమ్మ బండికి అడ్డంగా నిలబడింది. ఎవరొచ్చినా మడిచేది లేదంది. మా ఇంట్ల పీనుగు లేచినా మడిచేది లేదు, దిగి నడువమను అంది. ఆయన దిగి నడిచాడు. నేను ఆయన పార్టీవాణ్నయి ఉండీ గోడ చాటున నవ్వుకున్నాను.

ఆమె పోయిన పొద్దు కూడా గల్లీలో పడుగు ఉంది. సంగతి తెలియక ముందే చాచేశారు. ఆ రోజు మబ్బు పట్టి మధ్యాహ్నమైనా ఆరలేదు. రాయచూరు నుంచి ఆమె అన్నకొడుకు వచ్చాడు. శ్మశానం దూరం. ఎలా తీసుకెళ్లాలని అనుకుంటుండగా, మా పార్టీ అభ్యర్థి తన బండి పంపించాడు. వెనక సీట్లు తీసేసి పాడె పట్టేలా చేయించాడు. ముందు మా పార్టీ జెండా, అద్దం మీద ఆయన ఫొటో. పడుగు తీసేస్తే ఇంటి ముందుకే వస్తుందని కార్యకర్తలు అన్నారు. పెద్దమనిషి పంపాడు, కాదంటే బాగుండదని అన్నకొడుకు ఒప్పుకున్నాడు. చావు ముందు పడుగెంత అనుకున్నాడేమో, దాన్ని చాచిన నేతగాడు కళ్లు తుడుచుకుని మడవడానికి వంగాడు.

జీవితమంతా ఆ జెండాను తిట్టిన మనిషి. ఇప్పుడు నోరు లేదు కదా అని ఎక్కించేస్తున్నారు. నాకు ఒళ్లు మండింది.

"పడుగు తియ్యొద్దు. పెద్దమ్మ ఆ బండి ఎక్కదు" అన్నాను.

"ఏంది సారూ, నువ్వు మనోనివే కదా?" అన్నాడు కార్యకర్త.

"నేను మీవాణ్నే. ఆమె కాదు."

నేతగాడు వెనక్కి జరిగాడు. మున్సిపాలిటీవాళ్ల శవాల బండిని పిలిపించి గల్లీ చివర నిలిపించాం. అక్కడిదాకా భుజాల మీద మోశాం. పడుగు వైపు నేను పట్టాను. తడి నూలుకు మోచెయ్యి తగలకుండా ఒదిగి నడిచాను. ఒక్క పోగు తెగలేదు.

పోలింగ్ రోజు ఒక్కడినే వెళ్లాను. ఆమె కోసం ఆమె పార్టీకి వేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. వేస్తే నన్ను బతకనిచ్చేది కాదు. నా పార్టీకే వేసి వచ్చాను. కారులో అటూ ఇటూ ఒక్క మాట లేదు. ఇంత చిన్న కారు కూడా నాకు పెద్దదైపోయింది.

మావాళ్లే గెలిచారు. ఆ సాయంత్రం ఊరేగింపు మా గల్లీ మొదట్లో ఆగింది. వరసగా పెద్ద బండ్లు, డీజే, పటాకులు. నేను గడపలో నిలబడి చూస్తున్నాను. సంతోషించాల్సినవాణ్ని. నా నోటి నుంచి వచ్చిన మాట వేరు.

"ఇంతింత బండ్లల్ల వచ్చిన్రు, మోరీల మురికి తియ్యమంటె మాత్రం ఒక్కడు దిగడు."

అది నా మాట కాదు, నా యాస కూడా కాదు. దానికి జవాబు నా దగ్గర ఉంది. ఎన్నో ఏళ్లుగా ఇస్తున్న జవాబే, నోటి చివరే ఉంది. చెబుదామని పక్కకు తిరిగాను. పెద్దమ్మ కూర్చునే అరుగు మీద పటాకుల కాగితం ముక్కలు ఎర్రగా రాలుతున్నాయి.